దశాంశ సంఖ్యలు: చుక్క దగ్గర తడబడేవారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్కలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి దశాంశాల దగ్గర నాకు ఎదురయ్యే ప్రశ్నలు మారడం లేదు. అడిగేవాళ్లే మారుతున్నారు. ఒకరోజు ఐదో తరగతి పిల్లవాడు, మరోరోజు వాడితో హోంవర్కు చేయిస్తున్న తల్లి, ఇంకోరోజు ప్రోగ్రామింగు కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ సందేహం ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. నా అనుభవంలో సగానికి పైగా తప్పులకు మూలం ఒక్కటే: చుక్క తర్వాతి అంకెలను ఇంకో పూర్ణసంఖ్యలా చదవడం.

## చదవడం, రాయడం

3.45ని "మూడు పాయింట్ నలభై ఐదు" అని చదవకూడదా?

చదివితే ఎవరూ శిక్ష వేయరు గానీ, తర్వాత వచ్చే పొరపాట్లకు విత్తనం అక్కడే పడుతుంది. "నలభై ఐదు" అని చెవిన పడగానే మనసు దాన్ని 45గా పట్టుకుంటుంది. పక్కనే 3.5 కనిపిస్తే, ఐదు కన్నా నలభై ఐదు పెద్దది కాబట్టి 3.45 పెద్దదని తేల్చేస్తాం. అందుకే అంకెలను విడివిడిగా చదవడం మేలు: మూడు పాయింట్ నాలుగు ఐదు. అర్థం తెలియాలంటే పూర్తి పేరు ఇది: మూడు ఒకట్లు, నాలుగు పదో వంతులు, ఐదు నూరో వంతులు. నాలుగు పదో వంతులంటే నలభై నూరో వంతులే కాబట్టి, చుక్క తర్వాతిదంతా కలిపి "నలభై ఐదు నూరో వంతులు" అన్నా సరైనదే. "నూరో వంతులు" అనే తోక తెగిపోయినప్పుడే చిక్కు.

"దశాంశం" అంటే పదా, పదో వంతా?

పదో వంతు. దశ అంటే పది, అంశం అంటే భాగం. ఒకటిని పది సమభాగాలు చేస్తే అందులో ఒక భాగం దశాంశం, అంటే 0.1. దాన్ని మళ్లీ పది చేస్తే శతాంశం, 0.01. ఇంకోసారి చేస్తే సహస్రాంశం, 0.001. ఒక చిన్న ఇబ్బంది ఉంది. "దశాంశ స్థానం" అనే మాట పుస్తకాల్లో రెండు అర్థాల్లో వస్తుంది. ఒకచోట చుక్క తర్వాతి మొదటి స్థానమని, మరోచోట చుక్క తర్వాతి ఏ స్థానమైనా అని. "రెండు దశాంశ స్థానాల వరకు" అన్నప్పుడు రెండో అర్థమే తీసుకోవాలి.

చుక్కకు ఎడమన ఒకట్లు, పదులు, వందలు ఉన్నాయి. కుడివైపు "ఒకటో వంతులు" ఏమయ్యాయి?

చుక్కను అద్దంలా ఊహించుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. ఈ వరుసకు నడిమి స్థానం చుక్క కాదు, ఒకట్ల స్థానం. దానికి ఎడమన ఒక అడుగు వేస్తే పదులు, కుడిన ఒక అడుగు వేస్తే పదో వంతులు. రెండడుగులు వేస్తే ఇటు వందలు, అటు నూరో వంతులు. చుక్క చేసే పని ఒక్కటే: "నా ఎడమ పక్కనున్నవి ఒకట్లు" అని చూపించడం. ఒకటో వంతు అంటే ఒకటిని ఒకే భాగం చేయడం, అంటే ఒకటే. దానికి వేరే స్థానం అక్కర్లేదు.

ఈ వరుసలో ఎక్కడ నిలబడినా నియమం అదే. కుడిపక్క స్థానానికి మనమున్నది పదిరెట్లు, ఎడమపక్క స్థానంలో పదో వంతు. వందల నుంచి పదులకు దిగినట్లే ఒకట్ల నుంచి పదో వంతులకు దిగుతాం. అక్కడ కొత్త చట్టమేదీ మొదలవదు.

పూర్ణసంఖ్యలో చుక్క ఎక్కడుంటుంది?

ఒకట్ల అంకెకు కుడిపక్కన. 47 అన్నా 47.0 అన్నా ఒకటే. అవసరం లేదు కాబట్టి రాయం, అంతే.

.5 అని రాస్తే చాలదా? ముందు సున్నా ఎందుకు?

విలువ మారదు, కానీ చుక్క కంటికి ఆనకపోతే .5 కాస్తా 5 అయిపోతుంది. మందుల మోతాదు రాసేవారికి ఇది ప్రాణాల మీది విషయం. వాళ్లకు రెండు నియమాలు నేర్పుతారు. ఒకటి కన్నా తక్కువైతే చుక్క ముందు సున్నా తప్పక పెట్టాలి: 0.5 మిల్లీగ్రాములు. పూర్ణసంఖ్య అయితే వెనక చుక్కా సున్నా పెట్టకూడదు: 5.0 అని రాస్తే హడావిడిలో 50గా చదవచ్చు. చుక్క మాయమైతే మోతాదు పదింతలవుతుంది. మిగతా మనందరికీ కూడా ఈ అలవాటు వల్ల నష్టమేమీ లేదు.

## పోల్చడం

0.125లో మూడు అంకెలున్నాయి, 0.3లో ఒకటే ఉంది. 0.125 పెద్దది కాదా?

కాదు. పూర్ణసంఖ్యల్లో అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది, ఎందుకంటే అదనపు అంకె ఎడమన పెద్ద స్థానంలో చేరుతుంది. చుక్క తర్వాత అదనపు అంకెలు కుడిన చిన్న చిన్న స్థానాల్లో చేరతాయి. ఎడమ నుంచి ఒక్కో స్థానం పోల్చుకుంటూ రండి. ఒకట్లు రెండిటిలోనూ సున్నా. పదో వంతులు ఒకదానిలో 1, మరోదానిలో 3. తీర్పు అక్కడే అయిపోయింది, మిగతా అంకెలు ఎన్నున్నా లెక్కలోకి రావు. ఎడమ నుంచి పోల్చడం కష్టమనిపిస్తే సున్నాలు చేర్చి స్థానాలు సమానం చేయండి: 0.125, 0.300. ఇప్పుడు రెండూ వెయ్యో వంతులే, 125 కన్నా 300 పెద్దది.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. అది తెలివైన పిల్లలే చేస్తారు. "నూరో వంతులు పదో వంతుల కన్నా చిన్నవి కదా, అందుకే 0.45 కన్నా 0.3 పెద్దది" అంటారు. ఒక్కో ముక్క చిన్నదన్నది నిజమే, కానీ అలాంటి ముక్కలు ఎన్నున్నాయో చూడాలి. 45 నూరో వంతుల ముందు 30 నూరో వంతులు చిన్నవే.

చివర సున్నా చేరిస్తే విలువ మారుతుందా?

చుక్క తర్వాత చిట్టచివర చేరిస్తే మారదు: 0.5, 0.50, 0.500 ఒకటే. ఐదు పదో వంతులంటే యాభై నూరో వంతులే కదా. చుక్కకూ అంకెకూ మధ్య చేరిస్తే మాత్రం అంకె ఒక స్థానం దిగిపోతుంది. 0.05 అంటే 0.5లో పదో వంతు.

0.3కి, 0.4కి మధ్య సంఖ్యలేమీ లేవు కదా?

ఉన్నాయి, లెక్కకు అందనన్ని. 0.30, 0.40 అని రాసి చూడండి, 0.31 నుంచి 0.39 వరకు తొమ్మిది బయటపడతాయి. 0.31కి, 0.32కి మధ్య 0.311, 0.312... ఇలా దిగుతూనే ఉండవచ్చు. కాబట్టి "0.3 తర్వాతి సంఖ్య ఏది?" అనే ప్రశ్నకు జవాబు లేదు. పూర్ణసంఖ్యలకు పక్కింటివాళ్లు ఉంటారు, దశాంశాలకు ఉండరు.

సాఫ్ట్‌వేర్‌లో 3.9 తర్వాత 3.10 వచ్చింది. 3.10 అంటే 3.1 కదా, వెనక్కి పోయినట్టా?

చుక్క కనిపించిన ప్రతిదీ దశాంశం కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలో 3.9 రూపం 2020లో, 3.10 రూపం 2021లో వచ్చాయి. అక్కడ చుక్క రెండు వేరు వేరు లెక్కలను విడదీసే గీత మాత్రమే. మూడో తరంలో తొమ్మిదో విడుదల, ఆ తర్వాత పదో విడుదల.

ఇలాంటి వేషధారులు చాలా ఉన్నాయి. క్రికెట్‌లో 5.3 ఓవర్లంటే ఐదు ఓవర్ల మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి అది ఐదున్నర, అంటే నిజమైన దశాంశంలో 5.5. ఆ ఓవర్లలో 44 పరుగులొస్తే రన్‌రేటు 44 ÷ 5.5 = 8. అలా కాక 5.3తో భాగిస్తే 8.30 వస్తుంది, అది తప్పు. 5.6 ఓవర్లు అని స్కోరుబోర్డు మీద ఎందుకు నిలవదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ఎత్తు 5.11 అని రాసేవారు ఐదు అడుగుల పదకొండు అంగుళాలని చెబుతున్నారు, ఆయన 5.9 ఉన్నవారి కన్నా పొడుగే. 1.45 అని గడియారంలో కనిపిస్తే గంటా నలభై ఐదు నిమిషాలు, లెక్కలో పెట్టాలంటే 1.75 గంటలు.

గంటను కూడా పదులతో విడగొట్టాలని ఫ్రెంచి విప్లవకారులు 1793లో నిజంగానే ప్రయత్నించారు. రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు, నిమిషానికి 100 సెకన్లు. జనం అలవాటు పడలేదు, 1795లోనే దాన్ని పక్కన పెట్టేశారు. మీటరు, గ్రాము మాత్రం నిలబడ్డాయి.

## నాలుగు ప్రక్రియలు

కూడేటప్పుడు చివరి అంకెలు ఒకదాని కింద ఒకటి రాయమన్నారు. దశాంశాల్లోనూ అంతేనా?

పూర్ణసంఖ్యల్లో చివరి అంకెలు సరిచేస్తే ఒకట్ల కింద ఒకట్లు వాటంతటవే వచ్చేవి, అందుకే ఆ చిట్కా పనిచేసింది. అసలు నియమం ఒకే రకం స్థానాలను కలపడం. దశాంశాల్లో చుక్క కింద చుక్క పెడితే అది నెరవేరుతుంది. 12.5 + 3.47 చేయాలంటే 12.50, 3.47 అని రాసి కూడండి: 15.97. చివరలు సరిచేస్తే 5 పదో వంతులను 7 నూరో వంతులతో కలిపేసినట్టు.

10తో గుణిస్తే చివర సున్నా చేర్చాలి కదా. 2.5 × 10 = 2.50 ఎందుకు కాదు?

ఎందుకంటే 2.50 అంటే 2.5 మాత్రమే, ఏమీ పెరగలేదు. పదితో గుణించడమంటే ప్రతి అంకె పదిరెట్ల స్థానానికి, అంటే ఒక స్థానం ఎడమకు జరగడం. 2 ఒకట్ల నుంచి పదులకు, 5 పదో వంతుల నుంచి ఒకట్లకు జరిగి 25 అవుతుంది. పూర్ణసంఖ్యలో ఖాళీ అయిన ఒకట్ల స్థానాన్ని సున్నాతో నింపుతాం. మనం "సున్నా చేర్చడం" అనుకున్నది ఆ నింపడాన్నే. "చుక్క కుడికి జరుగుతుంది" అనే మాట కూడా చెబుతారు. జవాబు వస్తుంది గానీ, జరిగేది అంకెలు అనుకుంటేనే విషయం బోధపడుతుంది.

గుణిస్తే పెరగాలి కదా, 8 × 0.5 = 4 ఏమిటి?

గుణకారం అంటే పెంచడం అన్నది మనం 2, 3, 4లతోనే గుణించినన్నాళ్లు నిజం. 8 × 3 అంటే ఎనిమిది మూడుసార్లు. 8 × 1 అంటే ఒకసారి, మార్పు లేదు. 8 × 0.5 అంటే ఒక్కసారి కూడా పూర్తిగా తీసుకోలేదు, సగమే తీసుకున్నాం. ఒకటి కన్నా తక్కువతో గుణిస్తే తగ్గుతుంది.

0.3 × 0.2 = 0.6 కాదా? 0.06 ఎలా వచ్చింది?

పదో వంతులో పదో వంతు తీస్తే నూరో వంతు కాబట్టి. ఒక చదరాన్ని నిలువుగా పది, అడ్డంగా పది భాగాలు చేయండి. వంద గళ్లు వస్తాయి. నిలువు పట్టీల్లో మూడు, అడ్డ పట్టీల్లో రెండు రంగు వేస్తే, రెండు రంగులూ పడిన గళ్లు ఆరు. వందలో ఆరు అంటే 0.06. "చుక్క తర్వాతి స్థానాలు కూడి జవాబులో అన్ని స్థానాలు వదలాలి" అనే సూత్రం పుట్టింది ఈ బొమ్మలోంచే. ఆ సూత్రం వాడేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. 0.5 × 0.4 చేస్తే 5 × 4 = 20, రెండు స్థానాలు వదిలితే 0.20. చివరి సున్నాను ముందే కొట్టేసి 2 అని రాసుకుంటే 0.02 అయిపోతుంది. ముందు చుక్క పెట్టండి, సున్నా సంగతి తర్వాత.

6ని 0.2తో భాగిస్తే 30 వస్తోంది. భాగిస్తే తగ్గాలి కదా?

6 ÷ 0.2 అంటే "ఆరులో 0.2 ఎన్నిసార్లు ఉంది?" అని అడగడం. ఆరు మీటర్ల తాడును 0.2 మీటర్ల ముక్కలు చేస్తే ముక్కలు ఎక్కువ రావడంలో వింతేముంది? ఒక్క మీటరుకే ఐదు ముక్కలు, ఆరుకు ముప్పై. చేసే పద్ధతి: విభాజకంలో చుక్క పోయేదాకా రెండిటినీ ఒకే సంఖ్యతో గుణించండి. ఇక్కడ పదితో గుణిస్తే 60 ÷ 2. తాడునూ ముక్కనూ ఒకే కొలతలో పదింతలు చేస్తే ముక్కల సంఖ్య మారదు. ఒకదాన్నే గుణించి రెండోదాన్ని వదిలేయడమే అందరూ చేసే తప్పు.

జవాబులో చుక్క సరైన చోటే పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

చేసే ముందే ఉజ్జాయింపు వేసుకోండి. 4.8 × 20.5 అంటే దాదాపు 5 × 20, వంద దరిదాపు. కాబట్టి 984 అంకెలు వచ్చాయంటే 98.4 అయి తీరాలి, 9.84 గానీ 984 గానీ కాలేదు. స్థానాలు లెక్కపెట్టడం కన్నా నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. లెక్కపెట్టడంలో పొరపాటు పడతాం, పదింతల తేడాను మాత్రం ఇట్టే పసిగడతాం.

## భిన్నాలు, శాతాలు, ఆగని దశాంశాలు

భిన్నాలు ఉండగా దశాంశాలు ఎందుకు?

పోల్చడానికీ కూడడానికీ. 5/8 పెద్దదా, 7/11 పెద్దదా అంటే కాగితం కావాలి. 0.625, 0.636... అంటే చూడగానే తెలుస్తుంది. అలాగని భిన్నం తక్కువదేమీ కాదు. మూడో వంతును దశాంశంలో రాస్తూ ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, 1/3 అని రాస్తే ఏమీ పోదు. మధ్యలో భిన్నాలతో లెక్క చేసి చివర్లో దశాంశానికి మారడం మంచి పద్ధతి.

కొన్ని భిన్నాలు ఆగిపోతాయి, కొన్ని ఆగవు. భాగించకుండానే చెప్పగలమా?

చెప్పగలం. భిన్నాన్ని సూక్ష్మరూపంలోకి తెచ్చి హారాన్ని చూడండి. అందులో ప్రధాన కారణాంకాలు 2, 5 తప్ప వేరేవి లేకపోతే ఆగుతుంది. 7/40లో హారం 2 × 2 × 2 × 5, అందుకే 0.175 దగ్గర ఆగింది. 10 అంటే 2 × 5 కాబట్టి, ఆ రెండే ఉన్న హారాన్ని గుణించి 10, 100, 1000లలో ఏదో ఒకటిగా మార్చవచ్చు. 3 గానీ 7 గానీ అడ్డం ఉంటే ఎంత గుణించినా మారదు. సూక్ష్మరూపం మాట మరవద్దు: 3/12లో హారంలో మూడుంది, అయినా అది 1/4 కాబట్టి 0.25.

ఆగనివి కూడా అడ్డదిడ్డంగా సాగవు, తిరిగి తిరిగి అవే అంకెలు వస్తాయి. 1ని 7తో భాగించి చూడండి. శేషాలు 3, 2, 6, 4, 5, 1 అని వస్తాయి. ఏడుతో భాగిస్తే సున్నా కాని శేషాలు ఆరే, కాబట్టి ఏడో అడుగులో పాత శేషం రాక తప్పదు, వస్తే పాత కథే మళ్లీ మొదలు. అందుకే 0.142857 142857... 1/17లో ఈ చక్రం 16 అంకెలు, 1/97లో 96 అంకెలు. ఓపిక ఉన్నవాళ్లు చేతితో చేసి చూడవచ్చు, నేను ఒకసారి 1/17 చేశాను.

0.999... నిజంగా 1కి సమానమా? ఎంతో కొంత తక్కువ ఉండాలి కదా?

సమానమే. దాదాపు సమానం కాదు, అక్షరాలా సమానం. ఈ ప్రశ్న దగ్గర వాదించినంతగా జనం ఇంకెక్కడా వాదించరు.

తేలికైన దారి: 1/3 = 0.333... అని ఎవరూ కాదనరు. మూడుతో గుణిస్తే ఎడమన 1, కుడిన 0.999... ఇది విని "అయితే 0.333... కూడా మూడో వంతు కన్నా కొంచెం తక్కువేమో" అనేవాళ్లున్నారు. వాళ్లకు రెండో దారి. తక్కువైతే ఎంత తక్కువ? 0.1 తక్కువా? కాదు, 0.9 అయినప్పుడే తేడా 0.1కి వచ్చింది, మన సంఖ్య దాన్ని దాటింది. 0.001 తక్కువా? 0.999 దగ్గరే అక్కడికి వచ్చేశాం, మన సంఖ్య ఇంకా ముందుంది. మీరు ఏ తేడా చెప్పినా అసలు తేడా దానికన్నా చిన్నది. ఏ ధన సంఖ్య కన్నా చిన్నదైన తేడా సున్నా తప్ప మరొకటి కాలేదు.

మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఆ మూడు చుక్కలు. వాటిని "ఇంకా రాస్తూనే ఉన్నారు" అని చదువుతాం, గమ్యానికి చేరని ప్రయాణంలా. కానీ 0.999... అనేది ప్రయాణం పేరు కాదు, ఆ ప్రయాణం దేనికి దగ్గరవుతోందో ఆ సంఖ్య పేరు. ఒకే సంఖ్యకు రెండు రాతలుండటం మనకు కొత్త కాదు, 1/2, 2/4 అలాంటివే. 0.25ను 0.24999... అని కూడా రాయవచ్చు.

0.272727...ని భిన్నంగా మార్చడం ఎలా?

ఆ సంఖ్యను "స" అనుకోండి. రెండు అంకెలు తిరుగుతున్నాయి కాబట్టి 100తో గుణిస్తే 27.2727... అవుతుంది. దీనిలోంచి స తీసేస్తే తోక మొత్తం పోయి 99స = 27, అంటే స = 27/99 = 3/11. మొదట తిరగని అంకె ఉంటే ఇంకో మెట్టు అవసరం. 0.1666...కి 100స = 16.666..., 10స = 1.666... తీసివేస్తే 90స = 15, స = 1/6.

పై (π) విలువ 22/7 అంటారు, 3.14 అంటారు. ఏది సరైనది?

రెండూ కావు. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న ఈ నిష్పత్తి 3.14159265... అంటూ ఆగకుండా, ఏ అంకెల గుంపూ చక్రంలా తిరగకుండా సాగుతుంది. అది కరణీయ సంఖ్య, ఏ భిన్నమూ దానికి సమానం కాదు. 22/7 అంటే 3.142857..., అసలు కన్నా కాస్త ఎక్కువ. 3.14 కాస్త తక్కువ. రెండిటిలో 22/7 దగ్గరిది, అది కూడా వెంట్రుకవాసి తేడాతో. 355/113 అయితే చుక్క తర్వాత ఆరు అంకెల వరకు సరిపోతుంది. ఆర్యభటుడు సా.శ. 499లో 20,000 వ్యాసానికి పరిధి 62,832 అన్నాడు. మన రాతలో అది 3.1416. అది "ఆసన్నం", అంటే దగ్గరి విలువ మాత్రమే అని కూడా అన్నాడు. అంతరిక్ష నౌకల దారి లెక్కకట్టడానికి నాసా ఇంజినీర్లు వాడేది చుక్క తర్వాత 15 అంకెలే.

0.5 అన్నా 0.5% అన్నా ఒకటేనా?

కాదు, వందరెట్ల తేడా. శాతం గుర్తు అంటే "నూరో వంతులు" అని. 0.5% అంటే సగం నూరో వంతు, 0.005. సగం అనాలంటే 50%. వడ్డీల్లో, జనాభా లెక్కల్లో ఒకటి కన్నా తక్కువ శాతాలు కనిపించినప్పుడు ఆగి రెండోసారి చదవండి.

## కొలతలు, సవరింపు

2.5, 2.50 సమానమైతే ఇంజినీర్లు 2.50 మీటర్లని ఎందుకు రాస్తారు?

గణితంలో సమానం, కొలతలో కాదు. 2.5 మీటర్లు అని రాస్తే "పదో వంతు వరకు కొలిచాను, అసలు పొడవు 2.45కి, 2.55కి మధ్య ఉంది" అని చెప్పినట్టు. 2.50 అంటే సెంటీమీటరు దాకా చూశాను, 2.495కి, 2.505కి మధ్య ఉంది అని. ఆ చివరి సున్నా విలువను పెంచదు, కొలిచినవారి పూచీని పెంచుతుంది. కొలవకుండా ఆ సున్నా రాస్తే అది అబద్ధమే.

కాలిక్యులేటర్‌లో వచ్చిన అంకెలన్నీ రాయాలా?

పది మీటర్ల బద్దను టేపుతో కొలిచి ఏడు ముక్కలు చేయాలి. కాలిక్యులేటర్ ఒక్కోటి 1.42857142 మీటర్లంటుంది. ఆ చివరి అంకె మీటరులో పదికోట్ల వంతు, వెంట్రుక మందం కన్నా వేలరెట్లు చిన్నది. రంపం ఒక్కసారి ఆడిస్తేనే రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది. 1.43 చాలు. కొలతలో లేని కచ్చితత్వం భాగహారంలోంచి ఊడిపడదు.

2.5ని సవరిస్తే, అంటే దగ్గరి పూర్ణసంఖ్యకు మారిస్తే, 3 అని నేర్చుకున్నాను. కంప్యూటర్ 2 అంటోంది?

సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని ఎటు పంపాలన్నది ఒప్పందమే తప్ప ప్రకృతి నియమం కాదు. బడిలో పైకి పంపమంటారు. ఎప్పుడూ పైకే పంపితే పెద్ద పట్టికల మొత్తాలు కొద్దికొద్దిగా ఉబ్బుతాయి. అందుకని మధ్యలో ఉన్నవాటిని దగ్గరి సరిసంఖ్యకు పంపే పద్ధతి ఒకటుంది: 2.5 అయితే 2, 3.5 అయితే 4. పైథాన్ చేసేది ఇదే. పరీక్ష రాస్తుంటే మాత్రం బడి పద్ధతే పాటించండి.

సవరింపు ఒకేసారి చేయాలి. 3.447ను ఒక దశాంశ స్థానానికి సవరిస్తే 3.4. ముందు 3.45 చేసి, దాన్ని మళ్లీ సవరిస్తే 3.5 అని తప్పు వస్తుంది.

మూడో దశాంశ స్థానం తర్వాత కత్తిరించేస్తే కొంపలేం మునగవు కదా?

ఒక్కసారైతే మునగవు. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి, షేర్ల ధరల తీరును ఒకే సంఖ్యలో చూపే ఒక సూచీని 1982 జనవరిలో 1000తో మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీకీ సూచీని తిరిగి లెక్కకట్టి, మూడు దశాంశాల తర్వాతి అంకెలను సవరించకుండా కోసేసేవారు. కోసేస్తే ఎప్పుడూ కిందికే పోతుంది. రోజుకు వేలసార్లు ఇలా జరిగి, 1983 నవంబరు నాటికి సూచీ 520 దరిదాపుల్లోకి దిగింది. తిరిగి సరిగా లెక్క వేస్తే 1098కి పైన ఉండాలని తేలింది. సవరిస్తే పైకి పోయినవీ కిందికి పోయినవీ చాలావరకు చెల్లిపోతాయి. కత్తిరింపులో ఆ చెల్లుబాటు లేదు.

## కంప్యూటర్

0.1 + 0.2 అడిగితే 0.30000000000000004 అని వచ్చింది. కంప్యూటర్ చెడిపోయిందా?

చెడిపోలేదు. కంప్యూటర్‌కు పదులు రావు, రెండులే వచ్చు. దాని స్థానాలు సగం, పావు, అరపావు, ఇలా దిగుతాయి. మనకు మూడో వంతు ఎలా ఆగదో, దానికి పదో వంతు అలా ఆగదు. పదిలో 5 అనే కారణాంకం ఉంది, రెండు లెక్కకు అది పరాయిది. కాబట్టి 0.1ని ఎక్కడో ఒకచోట తెంచి దాచుకుంటుంది, 0.2నీ అంతే. రెండు తెంపులూ కలిసినప్పుడు చివర ఆ 4 బయటపడుతుంది. దాదాపు అన్ని యంత్రాలూ ఇలాంటి సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణాన్ని పాటిస్తాయి కాబట్టి అన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది.

ప్రోగ్రాములు రాసేవారికి రెండు మాటలు. దశాంశాలు రెండు సమానమా అని నేరుగా అడగవద్దు, తేడా చాలా చిన్నదా అని అడగండి. డబ్బు లెక్కలను అతి చిన్న నాణెంలో పూర్ణసంఖ్యలుగా దాచండి, లేదా పదుల లెక్కలోనే దాచే దశాంశ (డెసిమల్) రకాన్ని వాడండి.

ఇంత చిన్న తేడా వల్ల నిజంగా నష్టం జరిగిందా?

జరిగింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, వచ్చే క్షిపణులను గాలిలోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. దాని గడియారం సెకనులో పదో వంతులు లెక్కపెట్టేది. ఆ పదో వంతును 24 బిట్లలో, అంటే రెండు లెక్కలో 24 అంకెల్లో, తెంచి దాచారు. ఒక్కో టిక్కుకు పోయేది సెకనులో కోటో వంతు కన్నా కాస్త తక్కువే. కానీ యంత్రం సుమారు వంద గంటలు ఆపకుండా నడిచింది, తేడా 0.34 సెకన్లయింది. ఆ కాసేపట్లో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. 28 మంది సైనికులు చనిపోయారు.

## రాతలో తేడాలు, పుట్టుక

దశాంశాలను కనిపెట్టింది ఎవరు?

ఒక్కరు కాదు. తొమ్మిది అంకెలు, సున్నాతో స్థాన విలువల పద్ధతి భారతదేశంలో పుట్టింది, కానీ ఒకటి కన్నా చిన్నవాటికి ఇక్కడివారు భిన్నాలే వాడారు. అదే పద్ధతిని ఒకట్లకు కిందికి పొడిగించిన ఆనవాళ్లు పదో శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన అల్ ఉక్లిదిసి రాతల్లో ఉన్నాయి. సమర్‌ఖండ్‌లో అల్ కాషి వాటిని క్రమబద్ధంగా వాడాడు. 1424లో π విలువకు రెట్టింపును 16 దశాంశ స్థానాల వరకు లెక్కకట్టింది ఆయనే. ఐరోపాలో వీటికి ప్రచారం తెచ్చింది సైమన్ స్టెవిన్ 1585లో అచ్చువేసిన చిన్న పుస్తకం. ఆయన చుక్క పెట్టలేదు, ప్రతి అంకె పక్కనా దాని స్థానాన్ని సున్నాలో చుట్టి రాశాడు: 3.45ని 3⓪4①5② అన్నట్టు. పదిహేడో శతాబ్దం మొదట్లో గుణకారాలను కూడికలుగా మార్చే నేపియర్ లాగరిథమ్ పట్టికల్లో చుక్క వచ్చాక ఆ సున్నాల బరువు తగ్గింది.

కొన్ని దేశాల రాతల్లో 3,45 అని కామా ఉంది. అది అచ్చుతప్పా?

కాదు. ఫ్రాన్స్, జర్మనీ లాంటి చాలా దేశాల్లో దశాంశ గుర్తు కామానే. అక్కడ చుక్క వేలను విడదీయడానికి వాడతారు, కాబట్టి జర్మన్ కాగితం మీద 1.234 అంటే వెయ్యిన్ని రెండువందల ముప్పై నాలుగు. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో చుక్క, కామా రెండూ సమ్మతమే అంది. పెద్ద సంఖ్యల్లో గుంపులను మాత్రం ఈ రెండిటితో కాక ఖాళీతో విడదీయమని చెప్పింది. మరో దేశం నుంచి వచ్చిన పట్టికను కంప్యూటర్‌లో తెరిచినప్పుడు సంఖ్యలు ఒక్కసారిగా వెయ్యిరెట్లు పెరిగినా, సంఖ్యలన్నీ ఉత్త అక్షరాల్లా ఎడమకు జరిగి కూర్చున్నా, ముందు ఈ గుర్తు అమరికనే చూడండి.